సీడీ వేషంలో మోడెం

మా బాబాయి కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుంటాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆయన మతం. మతమన్నాక ముందు ఇంట్లోవాళ్ళను మార్చాలి కదా. పిన్ని ఊరెళ్ళి వచ్చేసరికి కంప్యూటర్లో విండోస్ తుడిచేసి, దాని బదులు ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ ఎక్కించాడు. అన్నీ పనిచేశాయి, పిన్నికి కావలసింది తప్ప. వేలెడంత యూఎస్‌బీ మోడెం గుచ్చితే ఇంటర్నెట్ రాదు, తెర మీద సీడీ బొమ్మ వస్తుంది.

ఆ రోజు నాలుగింటికి పిన్నికి ఇంటర్వ్యూ. డాక్టర్లు చెప్పింది విని టైపు చేసే పని, ఇంటి నుంచే. పిలిచేది ఇంటి కంప్యూటర్‌కే. లైను ఎలా ఉందో చూడ్డమూ పరీక్షలో భాగమే. పెళ్ళయ్యాక ఆమెకు దొరకబోతున్న మొదటి ఉద్యోగం.

బాబాయి పొద్దున్నుంచీ ఆ బొమ్మను కోడి గుడ్లను పొదిగినట్టు పొదుగుతున్నాడు. మోడెంను నడిపే ప్రోగ్రాం అందులోనే ఉందని ఆయన సిద్ధాంతం. తెరిస్తే అన్నీ విండోస్ ఫైళ్ళే. కంపెనీకి ఫోన్ చేస్తే, లినక్స్‌కు తమకూ సంబంధం లేదన్నారు. బొమ్మను ముట్టుకుంటే ఉన్నదీ పోతుందని పిన్నికీ నాకూ ఆంక్ష పెట్టాడు. ల్యాబ్‌లోనూ అంతే. కొత్త మీటర్లు పాడవుతాయని బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. విద్యార్థులు బీరువాను చూసి పాసవుతారు.

మూడున్నర దాటాక పిన్ని ఇయర్‌ఫోన్లు మెడలో వేసుకుని వచ్చి, లెమ్మంది.

"ఇంకో పది నిమిషాలే."

"మీ పది నిమిషాలతోనే కడుపు నిండింది. అది మోడెం కాదు, సీడీనంటోంది. సీడీ మనకెందుకండీ? అవతల పారేస్తే పోలా?"

బాబాయి చెయ్యి అడ్డం పెట్టేలోపే బొమ్మ మీద మౌస్ పెట్టి ఎజెక్ట్ కొట్టింది. బొమ్మ మాయమైంది. మోడెం దీపం ఆరి, నీలంగా వెలిగింది. తెర మీద నెట్‌వర్క్ పేరు ప్రత్యక్షమైంది.

సంగతేమిటంటే, అలాంటి మోడెం విండోస్‌కు తన ప్రోగ్రాం అందించడానికి ముందు సీడీ వేషంలో వస్తుంది. అక్కడ పనయ్యాక తనే వేషం విప్పుతుంది. ఇక్కడ ఎవరో ఒకరు సీడీని సాగనంపాలి. సాగనంపాల్సినవాణ్ణి బాబాయి మర్యాదలు చేసి కూర్చోబెట్టాడు.

నాలుగింటికి పిలుపొచ్చింది. లైను బాగుందే, ఎవరు పెట్టారని అడిగారు.

పిన్ని ఓరకంట చూసి, "మావారు కాపలా కాశారండీ, నేను పెట్టాను," అంది.

ఉద్యోగం వచ్చింది. మోడెం గుచ్చగానే సీడీని సాగనంపే పనిని బాబాయి మర్నాడే కంప్యూటర్‌కు అప్పగించాడు. ల్యాబ్ బీరువాకు తాళం మాత్రం ఇంకా ఉంది.