సామేలన్న వర్క్‌షాపులో ఉల్టా చూడీ

నిన్న పొద్దున మా తార్నాక ఫ్లాటు సెల్లార్‌లో ఎవరో సైకిలు తిరగేసి, విప్పుకుని కూర్చున్నారు. మెట్లు దిగుతుంటే కిరసనాయిలూ, పాత గ్రీజూ, అప్పుడే రాలిన ఇనుప రజనూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. కాలేజీకి ఆలస్యమవుతోందని తెలిసి కూడా ఆఖరి మెట్టు మీద నిలబడిపోయాను. మా ఇంట్లోవాళ్ళకు ఆ వాసన పడదు. నాకు మాత్రం అది సామేలన్న చేతుల వాసన. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

సామేలన్న యూనివర్సిటీలో మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు వర్క్‌షాపు టెక్నీషియను. నేను పీహెచ్‌డీలో చేరేనాటికే ఆయనకు యాభై దాటాయి. అయినా ప్రొఫెసర్ల దగ్గర్నుంచి మొన్న చేరిన పిల్లలదాకా అందరికీ అన్నే. డిపార్ట్‌మెంటు వెనక రేకుల షెడ్డులో లేత్ మిషన్ మీద మా ప్రయోగాలకు కావలసిన స్టాండ్లూ బిగింపులూ చేసిచ్చేవాడు. నేను కాగితం మీద గీసుకెళ్ళిన బొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, "బొమ్మలనైతే మంచిగనే నిలబడ్డది బిడ్డా. టేబుల్ మీద గుడ నిలబడాలె గద?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. జనగామ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటినుంచి వచ్చి అంతదాకా చదివినదాన్ని, నాకు తెలియదని ఎవరన్నా అంటే పడేది కాదు. తర్వాత చూస్తే ఆయన మాటే నిజమయ్యేది. దాంతో ఇంకా మండేది.

నాకు సైకిలు ఇప్పించిందీ ఆయనే. హాస్టల్ నుంచి ల్యాబుకీ, సాయంత్రాలు తార్నాకలో ట్యూషన్‌కీ నడిచి నడిచి నా చెప్పులు అరిగిపోవడం చూసి, ముషీరాబాద్‌లో ఉన్న తన చిన్ననాటి స్నేహితుడు యాదగిరి షాపుకు పంపాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. పదిహేనేళ్ళ వయసులో ఒకే దుకాణంలో సైకిలు పని నేర్చుకున్నారట. సామేలన్న తర్వాత యూనివర్సిటీ ఉద్యోగంలోకి వచ్చాడు, యాదగిరి కాక ఆ పనిలోనే ఉండిపోయాడు. తెల్లని మీసాలు, పెద్ద మాటకారి. పాత సైకిలు ఒకటి ముక్కముక్కా విప్పి, కడిగి, మళ్ళీ బిగించి నా చేతికిస్తూ, "గీ బండి ఆగదు బిడ్డా, నువ్వే అలసిపోవాలె" అన్నాడు.

రెండు నెలల తర్వాత తొక్కుతుంటే పెడళ్ళ మధ్య టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. ముషీరాబాద్ దాకా ఎవరు పోతారని హాస్టల్ వరండాలో నేనే పానాలు పట్టుకుని కూర్చున్నాను. రెండు పెడళ్ళ మధ్య, ఫ్రేము అడుగున ఒక పొట్టి గొట్టం ఉంటుంది. దానికి రెండువైపులా లోపల, సీసా మూతకున్నట్టు, మర కోసి ఉంటుంది. ఒక్కోవైపు ఒక్కో ఉక్కు కప్పు ఆ మరలో బిగుస్తుంది, ఆ కప్పుల్లోనే ఇరుసు తిరుగుతుంది. ఎడమవైపు మర మామూలుదే. చైను ఉన్న కుడివైపుది మాత్రం తిరగబడి ఉంటుంది, ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది. మెకానిక్కులు దాన్ని ఉల్టా చూడీ అంటారు. తొక్కేకొద్దీ కప్పు వదులు కాకుండా చేసిన ఏర్పాటు అది. నాకు ఆ సంగతి తెలియదు. విప్పేటప్పుడు అటూ ఇటూ గుంజితే ఎలాగో ఊడివచ్చింది. తిరిగి పెట్టేటప్పుడు మాత్రం అలవాటు ప్రకారం కుడికి తిప్పాను. పట్టలేదు. మొండికేస్తోందనుకుని సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, పానాకు పైపు తొడిగి తిప్పాను. కప్పు వంకరగా లోపలికి దిగి ఇరుక్కుపోయింది. తీసి చూస్తే లోపలి మర నలిగి, అంచుల దగ్గర మొత్తం చదునైపోయింది.

మర్నాడు సైకిలు నడిపించుకుంటూ వర్క్‌షాపుకు పోయాను. సామేలన్న ఫ్రేము వెలుతురుకు తిప్పి, గొట్టంలో వేలు పెట్టి తడిమాడు.

"ఎవరు చేసిన్రు బిడ్డా ఇది?"

అడిగింది మామూలుగానే. కానీ పక్కనే నా జూనియర్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఫిజిక్స్‌లో రీసెర్చ్ చేసేదానికి ఏ మర ఎటు తిరుగుతుందో తెలియలేదని వాళ్ళ ముందు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

"యాదగిరి కాక బిగించిందే అన్నా. నేనేం ముట్టుకోలేదు" అన్నాను.

ఆయన మొహంలో ఏదో మారింది. "యాదిగాడా?" అని ఒక్కమాట అని, వేలికి అంటిన రజను గుడ్డతో తుడుచుకున్నాడు. నేను చెప్పాను కాబట్టి నమ్మాడు, అంతే.

ఆ తర్వాత మూడు మధ్యాహ్నాలు అన్నం తినే గంటలో ఆయన నాతోనే ఆ మర బాగుచేయించాడు. కుడివైపుది పాత ఉక్కు కప్పు ఒకటి వెతికి తీసి, దాని మర మీద రంపంతో అడ్డంగా మూడు గాట్లు కోసి, ఆకురాయితో అంచులు పదును చేశాడు. అది లోపలికి తిరుగుతుంటే ఆ అంచులు నలిగిన ఇనుమును కోసుకుంటూ పోతాయి, రజను గాట్లలోకి చేరుతుంది. కప్పుకు నూనె రాసి నా చేతిలో పెట్టి, "ఇగ ఎడమకు" అన్నాడు. నేను ఆత్రంగా తిప్పబోతే మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఆగు. పావు వంతు ముందుకు, అండ్ల సగం వెనక్కి. రజను రాలనియ్యి. మళ్ళ పావు వంతు."

"ఇట్లయితే సాయంత్రం అయితది అన్నా."

"అయితే కానియ్యి. లోపల పాత మర ఇంకా ఉన్నది, చూడు. పట్టినప్పుడు నీ చేతికే తెలుస్తది. నువ్వు గట్టిగ ఒత్తితే దాన్ని ఇడిసిపెట్టి కొత్త తొవ్వ కోస్తది. అప్పుడు ఫ్రేము పాత సామాన్లకే."

మూడో రోజు కప్పు ఒక్కసారి మెత్తగా పట్టుకుని, నా వేళ్ళ బలానికే లోపలికి పోయింది. నా జన్మలో చేతులతో చేసిన పని అంత సంతోషం ఇవ్వడం అదే మొదలు. ఎగిరి గంతేశాను. సామేలన్న టిఫిన్ డబ్బాలోంచి చపాతీ చుట్ట తీసి నా నోట్లో పెట్టాడు, నా చేతులనిండా నూనె మరి. నవ్వుతూనే, "యాదిగాని చేతికి ఇట్ల ఎట్లయిందో నాకు సమజైతలేదు" అన్నాడు. ఆ చపాతీ మింగడానికి నాకు చాలాసేపు పట్టింది.

నెల గడిచింది. ఒక ఆదివారం సామేలన్న వాళ్ళు ఇంటికి భోజనానికి పిలిచారు. ఇల్లు సీతాఫల్‌మండి స్టేషన్‌కు దగ్గర, కూర్చుంటే రైలు పోయినప్పుడల్లా అల్మారాలో గ్లాసులు గలగలమనేవి. సామేలన్న పెరుగు తేవడానికి బయటికి పోయాడు. ఆయన భార్య మరియమ్మ వదిన నాకు వడ్డిస్తూ మాటల్లో అన్నది: "యాదగిరన్న సంగతి విన్నవా? పెడల్ దిక్కు పని బందు వెట్టిండంట. ఎవరన్న తెస్తే పక్క షాపుకు తోలుతుండు. కండ్లు మసకైనయి, చేతులు మర్సిపోతున్నయి అంటుండు. మీ అన్న పోయి ఒక్కమాట అడిగిండట, ఉల్టా చూడీ మర్సినవా రా యాదీ అని. గంతే, మనిషి కూలవడ్డడు. అప్పటిసంది ఈయనకు గుడ సరిగ నిద్రలేదు, ఎందుకు అడిగినో అని."

ఆ పూట పళ్ళెంలో ఏముందో, ఏం తిన్నానో నాకు గుర్తులేదు. యాదగిరి కాక నాతో పోట్లాడినా బాగుండేది. నేను కాదు అని ఒక్క మాట అన్నా నా అబద్ధం ఆ రోజే బయటపడేది. ఆయన అలా అనలేదు. తన స్నేహితుడు అడిగాడు కాబట్టి చేసే ఉంటాననుకున్నాడు. నలభై ఏళ్ళు తప్పు చేయని చేతులను నా మాట మీద అనుమానించుకున్నాడు.

అప్పటికీ వెంటనే చెప్పలేదు. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఇంకో వారం కుక్కిన పేనులా ఉన్నాను. సామేలన్న దృష్టిలో పలచనైపోతానన్న భయం అంత పెద్దది. చివరికి ఒక మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు పోయి, "అన్నా, ఆ మర చెడగొట్టింది నేను. కాక కాదు" అన్నాను. ఇంకేదో చెప్పబోయి ఏడ్చేశాను.

ఆయన లేత్ మిషన్ ఆపాడు. అది పూర్తిగా నిలిచేదాకా చూస్తూ నిలబడ్డాడు. చేతులు కడుక్కుని వచ్చి, "సైకిల్ తియ్యి, పోదాం" అన్నాడు. ముషీరాబాద్ దాకా ఇద్దరం వెనకాముందూ తొక్కుకుంటూ పోయాం. నా తరఫున ఆయనే మాట్లాడతాడని దారి పొడవునా ఆశపడ్డాను. షాపు ముందు దిగాక, నా మనసు తెలిసినట్టు, "నేను ఒక్క మాట చెప్పను. నువ్వే చెప్పాలె" అన్నాడు.

యాదగిరి కాక ట్యూబుకు పంక్చరు అతికిస్తున్నాడు. మునుపటి మాటకారితనం లేదు. నేను నిలబడే అంతా చెప్పాను, సుత్తీ పైపూ సహా. ఆయన విన్నాడు. కోపగించుకుంటాడని చూస్తున్నాను. ఆయన ట్యూబు పక్కన పెట్టి మెల్లగా అడిగాడు.

"అంటే నేను చెయ్యలేదా?"

"చెయ్యలేదు కాకా."

"కప్పు నేను సరిగనే బిగించిననా?"

"సరిగ్గానే బిగించినవు. నేనే విప్పి పాడుచేసిన."

ఆయన లేచి నా సైకిలు తిరగేశాడు. పెడలూ ఇరుసూ విప్పి, కుడివైపు కప్పు బయటికి తీశాడు. గుడ్డతో తుడిచి, కళ్ళు మూసుకుని, పానా లేకుండా వట్టి వేళ్ళతో దాన్ని మర మీద ఆనించి ఎడమకు తిప్పాడు. కప్పు ఒక్క చుట్టుకే పట్టింది. చివరిదాకా పోనిచ్చి, మళ్ళీ విప్పి, మళ్ళీ తిప్పాడు. మూసుకున్న కళ్ళలోంచి నీళ్ళు మీసాల మీదికి కారుతున్నాయి.

సామేలన్న ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. "నేను గుడ తప్పు చేసిన యాదీ. నీ చెయ్యి ఎసుంటిదో తెలిసి గుడ నిన్ను అట్ల అడిగిన."

"నెల దినాలు పక్కోనికి పని తోలిన గదరా" అన్నాడు యాదగిరి కాక, ఏడుస్తూనే నవ్వుతూ. తర్వాత నావైపు తిరిగి, "మర మళ్ళ ఎవరు కోసిన్రు బిడ్డా? మంచిగ వచ్చింది" అన్నాడు. నేనే కోశానని సామేలన్న చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు నామీద కోపం రాలేదా అని అడిగాను. "వచ్చింది. మస్తు వచ్చింది. ఆడు కప్పు తిప్పంగనే పోయింది" అన్నాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు, ఒక్కరోజు కూడా ఆ సంగతి ఎత్తలేదు. నా థీసిస్‌లో కృతజ్ఞతలు రాసినచోట ఆయన పేరు నా గైడు పేరు పక్కనే పెట్టాను. చూసి, "స్పెల్లింగ్ తప్పు పోలేదు గద" అని మాత్రం అడిగాడు.

ఆయన వల్ల నేను మారిపోయానని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. ఇప్పుడు నేను కాలేజీలో ల్యాబు చూస్తున్నాను. ఏదైనా పాడైతే, ఎవరు చేశారని పైవాళ్ళు అడిగితే, ఇప్పటికీ నా నాలుక మీదికి ముందు వచ్చేది ఇంకొకరి పేరే. ఆ పేరు గల మనిషి ఇంటికి పోయి, రాత్రి తన చేతులు తనే తిప్పి చూసుకుంటూ కూర్చుంటాడని గుర్తొస్తుంది. అప్పుడు ఆ పేరు మింగేసి, నాదైతే నాదని చెబుతాను. మింగడానికి ఒక్క క్షణం పడుతుంది. సామేలన్న నాకు ఇచ్చిపోయింది ఆ ఒక్క క్షణమే.