పట్టుదారం చూసి కొన్న బేస్ తీగలు

చనిపోయిన మనిషి జ్ఞాపకార్థం పెట్టిన ప్రార్థనలో జనాన్ని నవ్వించడం మహాపాపం. ఆ పాపం నేను చేశాను. అదీ ఏ జోకూ వేయకుండా, మొహం గంభీరంగా పెట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని. వింటూ వింటూ మధ్యలో నా మీద జాలి కలిగితే కాస్త దాచుకోండి. ముందుంది ముసళ్ల పండగ.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్గొండలో డిగ్రీ చదివేవాణ్ణి. మాది రామన్నపేట దగ్గర నేతపని ఇల్లు. మా బాపు మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. నన్నూ నేతలో పెడదామని చూశాడు గానీ, నా మనసంతా డేవిడ్ సార్ గిటారు మీదే ఉండేది. సార్ మాకు లెక్కలు చెప్పేవారు. ఆదివారాలు పానగల్ దారిలో ఉన్న వాళ్ళ చర్చిలో బేస్ వాయించేవారు. బేస్ అంటే నాలుగు లావాటి తీగలుండే గిటారు. పాట పైన నడుస్తుంటే, అది కింద నుంచి ‘దుమ్ దుమ్’ అంటూ బరువంతా మోస్తుంది. లెక్కలు అర్థం కాలేదని సార్ ఇంటికి వెళ్లి, లెక్కలు వదిలేసి అది నేర్చుకుని వచ్చాను.

ఒక ఎండాకాలం సార్ గుండెపోటుతో పోయారు. ఆ సంగతి తేలిగ్గా చెప్పడం నాకు ఇప్పటికీ రాదు కాబట్టి ముందుకు పోతాను.

ఏడాది తిరిగేసరికి సార్ భార్య సుగుణమ్మ ఫోన్ చేసింది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను.

“శీనూ, వచ్చే ఆదివారంతోటి సార్ పోయి సంవత్సరమైతది బిడ్డా. చర్చిల ప్రార్థన పెట్టిస్తున్న. సార్ గిటారు నువ్వే కొట్టాలె.”

“కొడ్త పెద్దమ్మా. ఇంకెవరెవరు వాయిస్తున్నరు?”

“ఎవ్వలొద్దు. గా గిటారొక్కటే చాలు. ఆ దుమ్ దుమ్ ఒక్కసారి ఇంటె నా పానానికి నిమ్మళమైతది.”

వెళ్లి పెట్టె తెరిచాను. గిటారు బాగానే ఉంది గానీ తీగలు తుప్పుపట్టి ఉన్నాయి. ఒకటి ముట్టుకుంటేనే తెగింది. ఊళ్లో దొరికిన మామూలు తీగలు తెచ్చి, వేసి, పెద్దమ్మ ముందు కూర్చుని వాయించాను. నా వేళ్ళు తీగ మీద జరిగినప్పుడల్లా ‘కీచ్’ మంది. పెద్దమ్మ లేచి మంచం కింద చూసింది.

“ఏందిరా గది? ఎలుకనా?”

“కాదు పెద్దమ్మా. వేలు జరిపితే గట్ల అంటది. తీగ మీద సన్నతీగ చుట్టి ఉంటది, గరుకుంటది.”

“సార్ కొట్టినప్పుడు అనకపోయేది గద?”

“సార్ వేరే తీగలు వేసేది. నున్నగుంటయి అవి.”

“మరి గవ్వే తే. ఏడుపు పాటల నడుమ ఎలుక అరిస్తే మంచిగుంటదా బిడ్డా?”

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ సంగతి మీరు విన్నారు. గిటారులో ఎలుకను పట్టడానికి హైదరాబాద్ దాకా వెళ్లిన వాణ్ణి నేనే. సార్ వాడిన తీగలను ఫ్లాట్‌వౌండ్ అంటారు. వాటి మీద గుండ్రటి తీగకు బదులు పట్టీలాంటి తీగ చుడతారు. చెయ్యి జరిపితే చప్పుడు రాదు. ఆ మాత్రం నాకు తెలుసు, ఆ మాత్రమే తెలుసు.

బాపు చీరలు అప్పజెప్పడానికి హైదరాబాద్ వెళ్తుంటే ఆయన వెంట పోయాను. పని అయ్యాక ఇద్దరం వాయిద్యాల షాపులోకి వెళ్లాం.

“మీ బేసు పొడుగెంత భయ్యా?” అని షాపాయన అడిగాడు.

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. బాపు ఆదుకున్నాడు. “రెండున్నర మూరలుంటది.”

“గిటారు మొత్తం గాదు పెద్దాయనా, తీగ మోగే పొడుగు. పొట్టి బేసుకు ఒక రకం, పొడుగు దానికి ఒక రకం ఉంటయి. ఇంటికి ఫోన్ చేసి కొలవమనుండ్రి.”

ఒక్క ఫోన్ చేస్తే పెద్దమ్మ టేపు పెట్టి చెప్పేది. చెయ్యలేదు. ఎందుకంటే ఈలోగా షాపాయన రెండు పాకెట్లూ విప్పి అద్దాల బల్ల మీద పరిచాడు. ఇలాంటి తీగల కొసలకు రంగుదారం చుట్టి ఉంటుంది. ఆ దారాలు కనపడగానే మా ఇద్దరిలో నేతవాళ్ళు మేలుకున్నారు. ఒక పాకెట్ తీగలకు నల్లదారం, నూగు లేచి ఉంది. రెండోదానికి ఎర్రదారం, పోగు పక్కన పోగు పేర్చినట్టు ఉంది. బాపు దాన్ని బొటనవేలితో రుద్దాడు. గోటితో ఒక నూలుపోగంత పీకాడు.

“అగ్గిపెట్టె ఉన్నదా?” అన్నాడు.

షాపాయన రెండడుగులు వెనక్కి వేశాడు. “ఎందుకు పెద్దాయనా?”

“కాలిస్తే ఎంటికెల వాసనొస్తే అసల్ పట్టు.”

“షాపుల అగ్గి పెట్టద్దు! దారం ఎవ్వరు చూడరు పెద్దాయనా, తీగ చూస్తరు.”

“మీరు చూడరు. మేం చూస్తం.”

బాపు నా వైపు తిరిగి, “కొసకు చుట్టే దారమే గింత మంచిదేసినోడు, నడుమ తీగ ఇంకెంత మంచిగ చేసి ఉంటడు?” అన్నాడు. మా ఇంట్లో చీర కొంగు చూసి చీర విలువ చెబుతారు. నాకు ఆ మాట వేదవాక్కులా వినపడింది. ఎర్రదారం పాకెట్ తీసుకుని, షాపాయన వైపు కాస్త జాలిగా చూసి మరీ బయటికి వచ్చాను.

సార్ గిటారు పొడుగుది. ఎర్రపట్టు తీగలు పొట్టి బేస్‌వి. ఈ రెండు వాక్యాలూ నాకు శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో, పెద్దమ్మ దగ్గర నుంచి తెచ్చిన గిటారు ఒళ్లో పెట్టుకున్నాక ఒకేసారి తెలిశాయి. తీగలను బిగించే బిరడాలకు బెత్తెడు ఇవతలే నాలుగు కొసలూ ఆగిపోయాయి. తెల్లారితే ప్రార్థన. హైదరాబాద్ వెళ్లి వచ్చే టైము లేదు. ఎలుక తీగలు అప్పటికే కత్తిరించి పారేశాను. నేను నేల మీద కూలబడ్డాను.

“గింత దానికి ఫికరెందుకురా?” అన్నాడు బాపు. “పడుగు తక్కువైతే మనమేం చేస్తం?”

“అతుకుతం.”

“మరి?”

మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు వాటి కొసలకు కొత్త పోగులు కలిపి మెలేసి అతుకుతారు. మా బాపు అతికితే ఎక్కడ అతికాడో కనిపెట్టడం మా అవ్వ వల్ల కూడా అయ్యేది కాదు. పట్టు పోగులు ఎన్నో కలిపి తాడులా పేని, ప్రతి తీగ కొసకూ ముడేసి, గంజి పెట్టి, బిరడాకు చుట్టాడు. నేను శ్రుతి చేసి వాయించాను. దుమ్! ఎలుక లేదు, కీచు లేదు. సార్ పక్కగదిలో ఉన్నారేమో అనిపించి నాకు కళ్ళు తడిశాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడం వరకు నేను పూర్తి చేశాను.

ఆదివారం చర్చి నిండింది. ముందు బెంచీలో పెద్దమ్మ, చివర్లో బాపు. సార్‌కు ఇష్టమైన పాట మొదలుపెట్టారు. మొదటి చరణం నిజంగా బాగా నడిచింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. చెయ్యదలుచుకున్న పని చెయ్యగలిగానని నాకు ఛాతీ పొంగింది.

పట్టుకు ఒక గుణం ఉంది. గట్టిగా లాగితే తెగదు, సాగుతుంది. మా వాడలో పసిపిల్లలకు కూడా తెలిసిన విషయమే. రెండో చరణంలో నాలుగు అతుకులూ కలిసికట్టుగా సాగడం మొదలుపెట్టాయి. శ్రుతి దిగింది. వేరే వాయిద్యం లేదు కాబట్టి సంఘమంతా నన్నే నమ్ముకుని నాతోపాటు దిగింది. నేను బిరడా తిప్పాను. అతుకు ఇంకాస్త సాగింది. మళ్ళీ దిగాం. ఆడవాళ్ళ గొంతులు ఒక మెట్టు దగ్గర ఆగిపోయాయి. ఇంకాస్త దిగేసరికి మగవాళ్ళూ విరమించుకున్నారు. చివరికి సంఘంలో అందరికంటే పెద్దవాడైన యాకోబు తాత ఒక్కడే మిగిలాడు. ఆయన గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది.

పాస్టరుగారు వంగి నా చెవిలో అడిగారు. “ఎందాక తీస్కపోతవు బిడ్డా మమ్ముల?”

“తెల్వదయ్యగారూ.”

“జర పైకి తీస్కరా.”

“గదే చూస్తున్న.”

గట్టిగా ఒక్క తిప్పు తిప్పాను. అతుకు జారింది. లావు తీగ పాములా లేచి స్పీకరును కొట్టింది. ధడేల్‌మన్న ఆ చప్పుడుకు యాకోబు తాత కూడా ఆగిపోయాడు. చర్చి అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో చివరి బెంచీ నుంచి మా బాపు గొంతు అందరికీ వినపడింది.

“తెగలే. జారిందంతే.”

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత వాళ్ళను కసిరిన తల్లులు నవ్వారు. పాస్టరుగారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు గానీ, పుస్తకం ఊగుతోంది. పెద్దమ్మ కొంగులో మొహం దాచుకుంది. ఆమె నవ్విందో ఏడ్చిందో నేను ఇప్పటికీ అడగలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే, ఆ చప్పుడు ఒక్కసారి వినాలని. అది కూడా ఇవ్వలేకపోయాను.

అప్పుడు పెద్దమ్మ కొంగు తీసి, అరచేత్తో బెంచీ చెక్క మీద కొట్టింది. దుమ్. ఆగి, మళ్ళీ రెండు. దుమ్ దుమ్. అది సార్ వాయించే వరసే. వంటింట్లో రొట్టెలు చేస్తూ ఏళ్ళ తరబడి విన్నది ఆమె చేతికి వచ్చేసింది. యాకోబు తాత నోటితో అందుకున్నాడు. వెనక మగవాళ్ళు ఒక్కొక్కరే కలిశారు. ఎవరూ తప్పలేదు, ఎక్కడ ఆగాలో అందరికీ తెలుసు. ఆ దుమ్ దుమ్ మీద ఆడవాళ్ళు పాట అందుకుని మూడో చరణం పైశ్రుతిలో పాడారు. సార్ గిటారు నా ఒళ్లో మూగగా ఉంది. సార్ మాత్రం చర్చి నిండా మోగుతున్నారు. అంత మంచి బేస్ నేను మళ్ళీ వినలేదు.

తర్వాత భోజనాల దగ్గర పెద్దమ్మ నా విస్తరిలో మాంసం తునకలు వడ్డిస్తుంటే, తల ఎత్తకుండానే అన్నాను. “తప్పైంది పెద్దమ్మా.”

“మస్తు మంచిగైందిరా. వచ్చే ఏడు గూడ రావాలె నువ్వు.”

“వస్త.”

“బాపును గూడ తోల్కరా.”

“తెస్త.”

“గిటారు మాత్రం తేకు.”

అందుచేత నా ప్రతిజ్ఞ ఇది, అందరూ సాక్షులు. కొలత తెలియనిదే బేస్ తీగ కొనను. కొన్నా దాని దారం కేసి చూడను. చూసినా అతకను. ఒకవేళ బుద్ధి గడ్డితిని అతికినా, పోయినవాళ్ళ కోసం మాత్రం దాన్ని వాయించను. బతికున్నవాళ్ళయితే కనీసం లేచి బయటికి పోగలరు.