మోసినవాళ్ల చొక్కాలు

వన్ టౌన్‌లో ఆ సందులోకి తిరిగితే చాలు, ఎండుమిరప ఘాటు ముక్కులోకి దూరుతుంది. మొన్న ఆవకాయ కారం కోసం వెళ్లాను. తోపుడుబండి మీంచి బస్తాలు దించుతుంటే ఒక్కసారిగా దగ్గు ముంచుకొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొట్టాయన మంచినీళ్ల గ్లాసు అందిస్తూ "అలవాటు లేదాండీ?" అని నవ్వాడు. ఏం చెప్పను? ఆ గోడౌను పక్కనున్న ఇరుకు మెట్లు ఏళ్ల తరబడి ఎక్కి దిగి లాయరు పని నేర్చుకున్నదాన్ని. ఘాటు ఎప్పుడో అలవాటైపోయింది. ఆ మెట్ల పైన జలీల్ గారు లేకపోవడమే ఇంకా అలవాటు కాలేదు. ఆయన పోయి ఏడాది దాటింది.

అబ్దుల్ జలీల్ గారు క్రిమినల్ అప్పీళ్లు వాదించేవారు. కింది కోర్టులో యావజ్జీవం పడి, ఇక దారి లేదనుకున్నవాళ్లు ఆయన దగ్గరికి వచ్చేవారు. మెట్లెక్కి పైకొచ్చేసరికి అందరి కళ్లూ ఎర్రబడి ఉండేవి. "నా క్లయింట్లు ఏడుస్తూ వస్తారని ఊళ్లో చెప్పుకుంటారమ్మాయ్. ఏడిపించేది నేను కాదు, కింద సేటు గారి మిరపకాయలు" అనేవారు. మనిషి పొట్టి, గొంతు చిన్నది. సినిమాల్లో లాయర్లను చూసి ఈ వృత్తిలోకి వచ్చిన నాకు మొదటి వారం ఆయన్ని చూస్తే నీరసం వచ్చింది. బల్ల గుద్దడు, కేకలేయడు, ఈయన దగ్గర ఏం నేర్చుకుంటానురా దేవుడా అనుకున్నాను.

నేను చేరిన కొత్తలో ఒక హత్య కేసు కాగితాలు చదివి సారాంశం చెప్పమన్నారు. రాత్రంతా చదివిన గర్వంతో గడగడా అప్పజెప్పాను. మృతుడు అక్కడికి వెళ్లాడు, మృతుడికి ఇన్ని గాయాలు, మృతుడి ఫోను దొరకలేదు. అంతా విని ఆయన, "ఆయన పేరేంటమ్మా?" అన్నారు. నిందితుడి పేరు చెప్పాను. "ఆయన కాదు, చనిపోయినాయన" అన్నారు. నాకు గుర్తు రాలేదు. ఆయన కోప్పడలేదు. పోస్ట్‌మార్టం రిపోర్టు తీసి, కుర్చీలోంచి లేచి, నిలబడే మొదటి నుంచి చివరిదాకా చదివారు. ప్రతి హత్య అప్పీలూ అలాగే మొదలుపెట్టేవారని తర్వాత తెలిసింది. "మనం అవతలివాడి తరఫున వాదిస్తాం, సరే. కానీ ఇక్కడ ఒక మనిషి పోయాడన్నది ముందు మన ఒంటికి తెలియాలి. తెలియకుండా వాదిస్తే అది తెలివి ప్రదర్శన అవుతుంది" అన్నారు.

నాకు ఆయన్ని నిజంగా చూపించింది మాత్రం పామర్రు దగ్గరి ఒక పల్లెటూరి కేసు. సుబ్బారావు, కోటయ్య అన్నదమ్ములు. పక్కపక్క చేలు, మధ్య గోడ ఒకటే ఉన్న ఇళ్లు. ఒక వేకువన సుబ్బారావు చేలో నీళ్లు పారే బోదె గట్టు మీద తల పగిలి చనిపోయి కనిపించాడు. ముందురోజు టీకొట్టు దగ్గర నీళ్ల వంతు గురించి అన్నదమ్ములు పోట్లాడుకున్నారు. "నీ అంతు చూస్తా" అని కోటయ్య అన్నాడట. ఆ సాయంత్రం కోటయ్య పార భుజాన వేసుకుని చేను వైపు వెళ్లడం అటువైపు పక్కింటాయన చూశాడు. అరెస్టయ్యాక కోటయ్యే తన గొడ్ల సావిట్లోంచి పార తీసిచ్చాడని పోలీసులు చెప్పారు. అన్నిటికీ మించి, కోటయ్య చొక్కా నిండా అన్న నెత్తురు. బతికున్నంతకాలం జైలేనని కింది కోర్టు తీర్పిచ్చింది. అప్పీలు విచారణకు వచ్చేసరికి అతను జైల్లో ఏళ్లు గడిపేశాడు.

మాదీ ఆ పక్క ఊరే. నీళ్ల కాలంలో మా ఇంట్లో మగవాళ్ల మాటలు ఎలా ఉంటాయో వింటూ పెరిగినదాన్ని. అందుకే జలీల్ గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "నువ్వే ప్రాసిక్యూటరువి, నన్ను ఓడించు" అన్నారు. అది ఆయన పద్ధతి. జూనియరు ముందు అవతలి పక్షం వాదించాలి. నేను ఒక్కొక్కటీ చెబుతుంటే ఆయన ఒక్కొక్కటే అడిగారు.

"నీళ్లొచ్చే రోజుల్లో మీ ఊళ్లో అంతు చూస్తా అనని రైతు ఎవరైనా ఉన్నాడా?"

"లేడు సార్."

"పార లేకుండా చేలోకి వెళ్లే రైతు?"

"ఉండడు సార్."

"ఆ సావిడికి తలుపుందా?"

లేదు. మూడు పక్కలా ఖాళీ, ఎవరైనా వచ్చి పోవచ్చు. పార మీద మరక మనిషి నెత్తురో కాదో ల్యాబు తేల్చలేకపోయింది. పార దొరికిన చోట సాక్షిగా సంతకం పెట్టిన గ్రామ ఉద్యోగి, తాను పోలీస్‌ స్టేషన్లోనే సంతకం పెట్టానని క్రాస్ ఎగ్జామినేషన్లో ఒప్పుకున్నాడు. ఇవన్నీ రాలిపోయినా చొక్కా మాత్రం మిగిలింది. "చొక్కాకి ఏం చెబుతారు సార్?" అన్నాను గెలిచినదానిలా.

జలీల్ గారు పక్కింటాయన వాంగ్మూలం నా ముందుకు జరిపారు. టీకొట్టు గొడవ, పార, అన్నీ చెప్పాక చివర్లో ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. పోలీసులు వచ్చేలోపే శవాన్ని ఇంటికి తెచ్చేశామని, తానూ కోటయ్యా ఇంకో ఇద్దరూ మోశామని. మా వైపు ఇది వింతేం కాదు. అయినవాణ్ణి చేలో అలా దిక్కులేనట్టు వదిలేసి పోలీసుల కోసం ఎదురుచూడటం ఎవరి వల్లా కాదు. ఎత్తుకుని ఇంటి అరుగు మీదికి చేరుస్తారు. నలుగురు మోశారు, నలుగురి చొక్కాలూ తడిసి ఉంటాయి. పోలీసులు తీసుకున్నది ఒక్క కోటయ్య చొక్కానే.

"మరి కోటయ్యే చెప్పుకోవచ్చుగా సార్, మోస్తుంటే అంటిందని?" అన్నాను. అక్కడే అసలు దెబ్బ తగిలింది. సాక్షులు అయిపోయాక జడ్జి గారు వాళ్లు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా నిందితుణ్ణి అడుగుతారు. ఏమడిగినా 'అబద్ధం' అను, ఇంకో మాట మాట్లాడావంటే ఇరుక్కుంటావు, అని చాలాచోట్ల లాయర్లే చెప్పి పంపిస్తారు. కోటయ్య బుద్ధిగా అలాగే చేశాడు. పోట్లాడావట కదా అంటే అబద్ధం అన్నాడు. పార ఇచ్చావట కదా అంటే అబద్ధం. మీరు నలుగురూ కలిసి శవాన్ని మోశారట కదా అని అడిగితే, తనను కాపాడగలిగిన ఆ ఒక్క మాటకీ అబద్ధమనే అన్నాడు. తీర్పులో కింది కోర్టు జడ్జి దాన్నే పట్టుకున్నారు. మోయలేదని తానే అంటున్నప్పుడు నెత్తురు ఎలా వచ్చిందో అతను చెప్పలేకపోయాడని రాశారు. చదివి నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో కూడా తెలియలేదు.

అయినా నా మనసు మారలేదు. "సార్, ఏమనుకోకండి. వాడే చేశాడనిపిస్తోంది" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకూ అలాగే అనిపిస్తోందమ్మాయ్" అన్నారు.

నోరు వెళ్లబెట్టాను. "మరి?"

"మరేముంది. నాకు అనిపించినందుకు మనిషిని చచ్చేదాకా జైల్లో పెట్టమందామా? చేసి ఉండొచ్చు అనే దగ్గర్నుంచి చేశాడు అనే దాకా ఒక దారుంటుంది. ఆ దారంతా సాక్ష్యంతో నడవాలి. వీళ్లు సగంలో ఆగిపోయి, మిగతాది కోటయ్య నోటితో నడిపించారు. అతను అబద్ధం చెప్పినా సరే, ఆ అబద్ధం వీళ్ల దగ్గర లేని సాక్ష్యాన్ని పుట్టించదు."

వాదనలకు ముందు ఒక మధ్యాహ్నం మెట్ల మీద దగ్గు వినిపించింది. నడివయసు మనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచి. సుబ్బారావు భార్య నాంచారమ్మ. జలీల్ గారు లేచి కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"మీరు వాదిస్తే వాడు బయటికొచ్చేస్తాడంటగా బాబుగారూ. ఈ ఒక్క కేసూ ఒదిలెయ్యండి. నాకు ఇంకేం వద్దు. పక్కింట్లో వాడి గొంతు వింటా నేను బతకలేనండీ."

"అమ్మా, మీరు నా దగ్గరికి రాకూడదు. గవర్నమెంటు లాయరు గారిని కలవండి."

"కలిశానండీ. చూస్తాంలే పొమ్మన్నారు. మీరన్నా వినండి. సావిట్లో పార పెట్టి, పొద్దున్నే అందరికంటే ముందు భుజం పట్టాడండీ వాడు. ఏడ్చుకుంటా మోశాడు. ఆ ఏడుపు సూసి ఊరంతా..."

"ఆగండమ్మా." ఆయన గొంతు పెరగడం నేను విన్నది ఆ ఒక్కసారే. "మీరు ఇక్కడ ఏం చెప్పినా రేపు మీకే అడ్డం వస్తుంది. నేను అవతలివాడి మనిషిని. దయచేసి ఇంకేం చెప్పకండి." మంచినీళ్లిచ్చి, మెట్ల కింద దాకా ఆయనే దిగి వెళ్లి ఆటో ఎక్కించారు.

పైకి రాగానే నేను ఆగలేకపోయాను. "సార్, మోశాడని ఆవిడే ఒప్పుకుంది!"

"ఆ మాట మనం వినలేదు. పక్కింటాయన కోర్టులో చెప్పింది ఉంది, అది చాలు. చాలకపోతే ఓడిపోదాం" అన్నారు. 

విచారణ రోజు బ్యారేజీ దాటి హైకోర్టుకు వెళ్తున్నంతసేపూ ఆయన కిటికీలోంచి కృష్ణలోకి చూస్తూ కూర్చున్నారు. కోర్టులో పెద్ద జడ్జి గారు సూటిగా అడిగారు: "శవాన్ని మోయలేదని మీ క్లయింటే అన్నాడు. మోశాడని మీరు ఎలా అంటారు?"

"అది అతని జవాబు కాదండీ. మా వృత్తి అతనికి నేర్పిన జవాబు. ఆ రోజు నీ పేరు కోటయ్యేనా అని అడిగినా అబద్ధమనే అనేవాడు. మోశాడని చెప్పింది ప్రాసిక్యూషన్ సాక్షి. మిగతా ముగ్గురి చొక్కాలు ఎందుకు తీసుకోలేదో చెప్పాల్సింది కూడా ప్రాసిక్యూషనే" అన్నారు, పక్కవాళ్లతో కబుర్లు చెప్పే గొంతుతో. గవర్నమెంటు లాయరు గారు ఫైల్లో పేజీలు తిప్పడం మొదలుపెట్టారు.

కొన్నాళ్లకు తీర్పు వచ్చింది. నేరం సందేహానికి తావులేకుండా రుజువు కాలేదని శిక్ష కొట్టేశారు. బయట వరండాలో నాంచారమ్మ నిలబడి ఉంది. తప్పుకుని వెళ్లిపోదామని నేను జలీల్ గారి చేయి పట్టుకున్నాను. ఆయన విడిపించుకుని ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డారు.

"మరి మా ఆయన్ని చంపింది ఎవరండీ?" అని అడిగింది.

"తెలియదమ్మా."

"తెలవకుండానే విడిపించారా?"

"అవునమ్మా. తెలియదు గనకే."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఆయన ముఖంలోకి కాసేపు చూసి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ తర్వాత ఆ కేసులో ఇంకెవర్నీ పట్టుకోలేదు. మధ్య గోడ ఒకటే ఉన్న ఆ రెండు ఇళ్లలో వాళ్లు ఎలా బతుకుతున్నారో నాకు తెలియదు. అడిగే ధైర్యం కూడా లేదు.

తిరిగి వస్తుంటే కారులో ఆయన, "మనం చేసింది తప్పు కాదమ్మాయ్. కానీ ఆవిడకి ఆ మాట తీర్పు రోజున, వరండాలో, నా నోటి నుంచి తెలియాల్సింది కాదు. ఈ కేసులో ఏం లేదో, సాక్ష్యం ఎక్కడ తెగిందో, ముందే కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఆవిడ పక్షాన ఒక్కరూ లేకపోయారు" అన్నారు. తర్వాత నాకు ప్రభుత్వం తరఫున వాదించే పదవి వచ్చినప్పుడు, మీకు ఎదురు నిలబడాలంటే మనసొప్పట్లేదని తటపటాయించాను. "వెళ్లమ్మా. అటువైపే మనుషులు తక్కువున్నారు" అన్నారు. వెళ్లాను. రెండు కేసుల్లో ఆయన నన్ను చిత్తుగా ఓడించారు. ఓడించి, క్యాంటీన్లో టీ ఇప్పించారు.

ఇప్పుడు నా దగ్గరికి ఏ హత్య ఫైలు వచ్చినా దర్యాప్తు చేసిన అధికారికి ఫోను చేసి విసిగిస్తాను. ఎవరెవరు మోశారు, అందరి బట్టలూ తీసుకున్నారా, ఆ గదికి తలుపుందా అని. నాకు చాదస్తమని వాళ్లలో వాళ్లు అనుకుంటారని తెలుసు, అనుకోనీ.

పోయిన వారం కొండపల్లి నుంచి ఒక తండ్రిని పిలిపించాను. ఆయన కూతురి హత్య కేసులో పడిన శిక్షను నిలబెట్టమని వచ్చే నెల నేను వాదించాలి. ఫైలంతా చదివాను. ఒకచోట సాక్ష్యం తెగింది, అతకడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకు తేలిక మాటల్లో చెప్పాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

"అయితే వాడు బయటికొచ్చేత్తాడా అమ్మా?"

"రావచ్చండీ."

"మరి మీరెందుకు వాదించటం?"

"మీ అమ్మాయి తరఫున ఉన్నదంతా చెబుతానండీ. ఒక్కటీ వదలను. లేనిది మాత్రం ఉందని చెప్పను."

 నాకు ఏదైనా ఓదార్పు మాట అనాలనిపించింది, కానీ మింగేశాను. ఆయన లేచి, నమస్కారం పెట్టకుండా, నా వైపు చూడకుండా గుమ్మం దాటాడు. నేను లేచి నిలబడి, ఆయన అడుగుల చప్పుడు వినబడినంతసేపూ అలాగే ఉన్నాను.