మందు లేని గొట్టం

బోధన్ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ మీద మా గైడు ముఖం రెండుసార్లు ఉండేది. ఫ్లెక్సీ కొట్టినవాడు ఒకే ఫొటోను తిప్పి ఎదురెదురుగా పెట్టాడు. ఒకదానిలో గడియారం ఎడమ చేతికి, ఇంకోదానిలో కుడి చేతికి. కింద 'కుడి ఎడమలను విడదీసిన మేధావి' అని రాశారు. ఆయన చదువుకున్న అక్కడి కాలేజీ పాత విద్యార్థుల సంఘం ఆయనకు సన్మానం చేస్తోంది. ఆయన మేధ సంగతి నాకు తెలుసు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నది నేను, ఆ పని చేసిందీ నేనే.

కొన్ని మందుల అణువులు చెప్పుల జతలా ఉంటాయి, ఒకటి ఎడమ కాలిది, ఒకటి కుడి కాలిది. ఒంట్లోకి వెళ్తే ఒకటి పనిచేస్తుంది, రెండోది దండగ. తయారు చేస్తే మాత్రం రెండూ సగం సగం వస్తాయి. నిజామాబాద్‌లోని మా ల్యాబులో నేను సన్నటి రంధ్రాలున్న స్ఫటికాలు పెంచాను. మందు ద్రావణంలో వాటిని నానబెడితే ఒక రకం రంధ్రాల్లోకి దూరి, రెండోది బయట మిగలాలి. మిగిలిందో లేదో పోలారిమీటర్ చెబుతుంది. చెరకు రసంలో చక్కెర ఎంతుందో చూసే పరికరమే అది. మాది బోధన్‌లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. రెండు రకాలూ సమంగా ఉంటే అందులో వెలుగు తిరగదు, సున్నా చూపిస్తుంది. ఒకటి ఎక్కువైతే తిరుగుతుంది.

తిరిగింది. సారు ఆ రోజే అందరికీ ఫోన్లు మొదలుపెట్టారు. ఆ పరికరానికి ఆయన కన్ను ఆనించగా నేను ఒక్కసారి కూడా చూడలేదు.

నాకే మనసొప్పక, మందు వేయకుండా ఉత్త స్పిరిట్‌లో స్ఫటికాలు నానబెట్టి, వడకట్టి, ఆ స్పిరిట్‌ను పోలారిమీటర్ గొట్టంలో పోసి చూశాను. వెలుగు అంతే తిరిగింది. స్ఫటికమే కరుగుతోంది. దాన్ని కట్టడానికి వాడిన ఒక కాలి రకం పదార్థం ద్రావణంలోకి దిగుతోంది. ఇన్నాళ్లూ మేం కొలిచింది కరిగిన జల్లెడను. గొట్టం పట్టుకుని ఆయన గదికి పోయాను.

"సర్, గిండ్ల మందే లేదు. అయినా తిరిగింది."

"తిరిగింది కదమ్మా," అన్నారు తల ఎత్తకుండా. "ఎందుకు తిరిగిందని అడిగేటోడు బోధన్ల ఎవడున్నడు?"

ఆ పరికరం చూపిన లెక్కమీదే ఏళ్ల తరబడి చెరకు అమ్ముకున్న ఊరి గురించి ఆయన అన్న మాట అది. ఆ పరీక్షను థీసిస్‌లోంచి తీసేస్తేనే సంతకం పెడతానన్నారు. తీయనన్నాను. ఆయన బోధన్ వెళ్లి శాలువా కప్పించుకుని, వేదిక మీద కుడి చెయ్యెత్తి ఎడమ అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు.

నన్ను ఇంకో మేడం తీసుకున్నారు. కరగని స్ఫటికాలు పెంచడానికి పని మళ్లీ మొదటికొచ్చింది. అవి మందు లేకుండా సున్నా చూపాయి. మందు వేసినా దాదాపు సున్నానే, అంటే రెండు రకాలనూ విడదీయడం లేదు. ఏడుపొచ్చింది, అయినా అదే రాశాను.

వైవా రోజు ఆయన శాఖాధిపతిగా ముందు వరసలో కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పాత స్ఫటికాలు నానిన మందు లేని గొట్టాన్ని కళ్లతో చూస్తానని, ముందు పెద్దవారు చూడాలని మర్యాదకు సారును పిలిచారు. ఆయన వంగి కన్ను ఆనించారు. పక్కనున్న మరను ఎటు తిప్పాలో ఆయనకు తెలియలేదు. నా వైపు తిరిగి మెల్లగా అడిగారు.

"ఏం కనపడాలమ్మా?"

"ఏం కనపడుతుందో చెప్పుండ్రి సర్," అన్నాను.