పూజలో పెట్టిన స్టాండ్లు

రిటైరైన తరువాత నేను బండి పని నేర్చుకోవడానికి చేరింది ఇష్టంతో కాదు, అనుమానంతో. పాత కారు ఒకటి కొన్నాను. నల్లగొండలో ఏ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లినా బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, పెదవి విరిచేవాడు. ఆ విరుపు ఇంజన్ని చూసి వచ్చిందో, నన్ను చూసి వచ్చిందో తేల్చుకోలేకపోయేవాణ్ణి. పానగల్లుకు పోయే దారిలో ఒక రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట బండి పని నేర్పుతున్నారని విని, వెళ్లి పేరు రాయించుకున్నాను. మాకు ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది.

నేను కరెంటు సబ్‌స్టేషన్లలో పనిచేసినవాణ్ణి. ఎక్కువ కాలం మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు గడిచింది. లైను ఆపేశామని ఫోనులో ఎవరు చెప్పినా సరే, మా కళ్లతో చూసి, భూమికి కలిపితే తప్ప అందులో కరెంటు లేదని నమ్మకూడదు. ఉద్యోగం అయిపోయింది కాని ఆ బుద్ధి పోలేదు. డైరీ రాసే అలవాటూ పోలేదు. షెడ్డులో మొదటి రోజు గురించి ఇలా రాసుకున్నాను: "నేల మీద ఆయిల్ మరకలు. మంటలార్పే సిలిండర్ ఉంది, పనిచేస్తుందో లేదో. నేర్పే ఆయన ఊరికే నవ్వుతున్నాడు, ఎందుకో."

నేర్పే ఆయనను అందరూ ఉస్తాద్ అనేవారు. యాభై దాటిన మనిషి, తల మీద తెల్లటోపీ, గోళ్ల సందుల్లో ఎన్నటికీ పోని గ్రీసు. మొదటి వారమంతా ఆయన మమ్మల్ని ఇంజన్ దగ్గరికే రానివ్వలేదు. "ముందు మీ వేళ్లు కాపాడుకోండ్రి, బండి సంగతి తర్వాత" అనేవాడు. ఉంగరాలు తీయించాడు. నాది పెళ్లినాటి ఉంగరం, సబ్బు రాస్తే గాని ఊడి రాలేదు. లుంగీతో వచ్చినతన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపాడు. పానాను నెట్టకూడదు, మనవైపు లాగాలి, జారినా పిడికిలి ఇనుముకు తగలకుండా ఉంటుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ వైరు. వేడి మీద రేడియేటర్ మూత ముట్టవద్దు. అన్నిటికంటే గట్టిగా చెప్పిన మాట ఇది: "జాకీ లేపేతందుకే, మోసేతందుకు గాదు. ఒక్క నట్టు కోసమైనా సరే, స్టాండ్లు పెట్టంది బండి కిందికి పోవద్దు."

చెప్పేదంతా బాగానే ఉంది. చేసేది కూడా అలాగే ఉందా అన్నదే నా అనుమానం. సిలిండర్ ఖాళీదేమోనని తూకం వేయించాను, నిండుగా ఉంది. స్విచ్‌బోర్డుకు ఎర్తు లేదేమోనని నా టెస్టర్ తెచ్చి చూశాను, ఉంది. ఇసుక బకెట్లలో అడుగున సిమెంటు సంచులు కుక్కారేమోనని చెయ్యి పెట్టి తవ్వాను, అడుగుదాకా ఇసుకే. తోటి విద్యార్థులు పక్కకు తిరిగి నవ్వుకునేవారు.

పక్కకు తిరగకుండా నవ్వేవాడు ఒక్కడే. దేవరకొండ దిక్కు నుంచి వచ్చే నలభై ఏళ్ల మనిషి. వాళ్లది గొర్ల మంద ఉన్న ఇల్లు. ట్రాలీ ఆటో ఒకటి కొనుక్కుని ఊళ్లోవాళ్ల గొర్లనూ మేకలనూ వారపు అంగళ్లకు చేరవేసేవాడు. ఎండలో బండి ఆగిపోతే వెనక జీవాలు చచ్చిపోతాయని, రిపేరు తనకే రావాలని చేరాడు.

"పెద్దసారు అన్నం తినేటప్పుడు గుడ మెతుకు మెతుకు ఇప్పి చూస్తడా ఏంది?" అనేవాడు.

"రాళ్లుంటయి తమ్మీ" అనేవాణ్ణి.

జాకీ మీద నాకు అనుమానం ఒక జీపు వల్ల వచ్చింది. చక్రం విప్పడానికి జీపును లేపి, స్టాండ్లు పెట్టే లోపల చాయ్ వస్తే అందరం తాగాం. తిరిగి వచ్చేసరికి జీపు కొద్దిగా దిగినట్టు అనిపించింది. ఉస్తాద్‌కు చెప్పాను.

"ఆయిల్ తక్కువైంది సార్, పోస్త. ఫికర్ చెయ్యకుండ్రి."

పోశాడో లేదో నేను చూడలేదు. చూడనిది నమ్మలేదు.

దసరా వచ్చింది. షెడ్డులో ఆయుధ పూజ విద్యార్థులే చేశారు. ఉస్తాద్ నేల కడిగించి, బంతిపూలు తెప్పించి, తాను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పానాలు, సుత్తెలు, చక్రాలు విప్పే రాడ్లు, ఇనుప స్టాండ్లు అన్నీ వరుసగా పేర్చి పసుపు, కుంకుమ పెట్టారు. ఒక్కో స్టాండు తల మీద ఒక్కో నిమ్మకాయ. పండుగనాడు దారిలో ఎవరి బండైనా ఆగిపోతే కావాలని జాకీని, ఒక పానాల డబ్బాను మాత్రం ఉస్తాద్ బయట ఉంచమన్నాడు. జాకీని ఉంచినప్పుడు స్టాండ్లు కూడా ఉంచాలని ఎవరికీ తోచలేదు.

మర్నాడు ఉస్తాద్‌కు జమ్మి ఆకు ఇద్దామని వెళ్లాను. ఆయన కళ్లకద్దుకుని, నన్ను కౌగిలించుకుని, ఆకును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చాయ్ తెప్పిస్తానంటుండగా ట్రాలీ ఆటో వచ్చింది. గుమ్మం దాటి కూడా ఆగక, గోడ పక్కన ఇసుక కుప్పకు ఆనుకుని ఆగింది. గొర్లాయన దూకి దిగాడు.

"ఉస్తాద్, బ్రేకు తొక్కితె లోపటికి పోతాంది. రేపు అంగడి. గొర్లను ఎక్కించుకొని పోవాలె."

"రెండు దినాలు ఆగరాదా అన్నా?"

"అంగడి ఆగుతదా? జేస్తవా, గిట్లనే పొమ్మంటవా?"

అలాగే పోతాడని నాకూ ఉస్తాద్‌కూ తెలుసు. ఉస్తాద్ కిందికి వంగి చూసి, బ్రేకు ఆయిల్ పైపు పగిలిందన్నాడు. కొత్త పైపు వెతకడానికి లోపలి గదికి పోయాడు. గొర్లాయన బండిని చదును నేల మీదికి నెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టి, జాకీతో లేపి, గోనెసంచి పరుచుకుని బండి కిందికి జరిగాడు. నేర్పినట్టే చేశాడు, ఒక్కటి తప్ప.

"స్టాండ్లేవి తమ్మీ?" అన్నాను.

"పూజల ఉన్నయి" అని బండి కింద నుంచి జవాబు వచ్చింది.

"తెచ్చి పెట్టు."

"కదపంది ఎట్ల తెస్త? పూజకు కూసున్నాయన ఊరికి పాయె. ఆయనొచ్చి కొబ్బరికాయ గొట్టి కదిపితెనే ముట్టాలె. రేపు జీవాలతోని తొవ్వ పట్టుకుంట సార్, ఇయ్యాల పూజ చెడగొట్టుకుంటనా?"

ఉస్తాద్ పైపు పట్టుకుని వచ్చాడు. మీరైనా తెచ్చి పెట్టండన్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పూజ మీది సార్. నేను చెయ్యి పెడితె బాగుంటదా? ఇన్నేండ్లల్ల నా షెడ్డుల నేను పూజ చెడగొట్టిన్నన్న మాట ఒక్కటి రాలే. జాకీల ఆయిల్ పోసిన, నేనే పోసిన. ఒక్క పైపే గద."

ఒక్క నట్టు కోసమైనా పోవద్దన్న మనిషే ఆ మాట అన్నాడు. మా పూజకు ఉస్తాద్ ఇచ్చిన మర్యాదలో గాని, గొర్లాయన భక్తిలో గాని తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎవరి తప్పూ లేకుండానే ఒక మనిషి ఆ జాకీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నేను బండి దగ్గరికి జరిగాను.

"బయటికి రా."

"ఓ పెద్దసారూ, నట్టు పట్టు దొరికింది. ఇడిస్తె మల్ల దొరకది. జర అటు పోయి చాయ్ తాగుండ్రి."

మోకాళ్లు నొప్పి పెడుతున్నా వంగి, బయటికి కనిపిస్తున్న అతని రెండు కాళ్లనూ చీలమండల దగ్గర పట్టుకుని లాగాను. అంత బరువు నాతో కదలదు. కాని అతనే పాము మీద పడ్డట్టు గిలగిల్లాడి, పాక్కుంటూ బయటికి వచ్చాడు.

"ఏంది సార్ గిది! పెద్దోళ్లు నా కాళ్లు పట్టుకుంటరా? నా ఆయుష్షు తక్కువగాదా?"

"లోపల ఉంటే అంతకంటే తక్కువైతది. కూసో ఆడ."

పూజ దగ్గరికి వెళ్లాను. కొబ్బరికాయ లేదు, నాకు మంత్రాలూ రావు. దండం పెట్టి, నిమ్మకాయలు తీసి పక్కన పెట్టి, ఒక స్టాండును కదిపాను.

"పాపం నీకే సార్" అన్నాడు గొర్లాయన.

"నాకే రానియ్యి."

స్టాండు బరువుగా ఉంది. రెండడుగులు వేశానో లేదో ఉస్తాద్ వచ్చి నా చేతిలోంచి అందుకున్నాడు. "మీరు కదిపిన్రు గద. ఇగ నేను పట్టొచ్చు" అన్నాడు. రెండో స్టాండు కూడా తనే తెచ్చి బండి కింద నిలబెట్టాడు. బండిని వాటి మీదికి దించుదామంటే గొర్లాయన ఒప్పుకోలేదు, ఆ ఎత్తయితేనే పానా తిరుగుతుందన్నాడు. స్టాండుకూ బండి ఇనుముకూ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది. వేళ్లు పెట్టి చూశాను.

అతను మళ్లీ కిందికి జరిగి పాత పైపు విప్పాడు, కొత్తది బిగించాడు. ఉస్తాద్ తలుపులోంచి చేత్తో బ్రేకు పెడల్ నొక్కుతుంటే కింద నుంచి బ్రేకు పైపులో చేరిన గాలి తీశాడు. నా మీద జోకులు వేస్తూనే ఉన్నాడు. పనై బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, స్టాండ్లను తిరిగి పూజలో పెడదామని ఒకదాన్ని పట్టి లాగాడు. అది రాలేదు.

వంగి చూశాం. రెండు వేళ్ల సందు లేదు. బండి బరువంతా స్టాండ్ల మీదే ఉంది. జాకీ దాని చోటునే నిలబడి ఉంది, పిడి కూడా పెట్టిన చోటే ఉంది. ఒక్క చప్పుడు కూడా రాలేదు.

"ఎప్పుడు దిగింది?" అన్నాడు గొర్లాయన.

అతను గోనెసంచి వంక చూశాడు. ఆయిల్ మరకల మధ్య అతని వీపు వెడల్పున సంచి నలిగి ఉంది. మెల్లగా సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఉస్తాద్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "మీరు ముందే చెప్పిన్రు సార్" అన్నాడు. జాకీ వంక చూసి, "మీరు దినాం దేని మీదనో ఒకదాని మీద చెప్తరు. గిదే నిజమని నాకెట్ల తెల్వాలె?" అన్నాడు.

సిలిండర్, స్విచ్‌బోర్డు, ఇసుక బకెట్లు నాకు గుర్తొచ్చాయి.

పక్కనున్న పంక్చర్ దుకాణం నుంచి ఇంకో జాకీ తెచ్చి బండిని దించారు. మా జాకీ మీద ఉస్తాద్ సుద్దముక్కతో అడ్డంగా గీత కొట్టి, ఇంజన్ తుక్కులో పడేశాడు. స్టాండ్లను పూజలో తిరిగి పెట్టలేదు. కుంకుమ మీద పడ్డ గ్రీసును తుడవకుండానే, బండి నిలిపే చోట గోడకు ఆనించాడు. ఇక మీదట వాటి బొట్టు అక్కడే పెట్టండని గొర్లాయనతో అన్నాడు. అతను తలూపాడు.

"ఎక్కుండ్రి సార్, ఇంటికాడ దించి పోత" అన్నాడు నాతో.

"ముందు బ్రేకు చూపియ్యి."

బండిని గేటు దాకా పోనిచ్చి తొక్కాడు. ఆగింది.

"ఇంకోసారి."

మళ్లీ తొక్కాడు. ఉస్తాద్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. మూడోసారి నేను అడగకముందే గొర్లాయన బండిని వెనక్కి తెచ్చి, వేగంగా పోనిచ్చి, నా ముందుకు వచ్చి ఆపాడు. అప్పుడు ఎక్కాను. ఇల్లు వచ్చేదాకా ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను. అతను ఒక్క జోకూ వేయలేదు.