ఇరవై రెండో పేజీలో నీడ గడియారం

డర్బన్ శివారు మొబేనిలో నేను పనిచేసిన రంగుల ఫ్యాక్టరీ గేటు నుంచి గ్రే స్ట్రీట్‌లోని పత్రికాఫీసు మెట్ల దాకా పదకొండున్నర కిలోమీటర్లు. గురువారాల్లో నాలుగూ పదికి గేటు దాటి, నాలుగూ పద్దెనిమిదికి మినీబస్ టాక్సీ ఎక్కితే, ఐదు కావడానికి పది నిమిషాల ముందు దిగేదాన్ని. మెట్లు ముప్పై నాలుగు. పైన ఒకే గది, రెండు బల్లలు, ఒక కిటికీ.

దక్షిణాఫ్రికాలో నల్లా తెల్లా అందరూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగి అప్పటికి మూడేళ్లు. నేను కాకినాడ నుంచి వచ్చి ఏడు నెలలు. ఇంజనీరింగ్ చదివాను, ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్ష నా ఉద్యోగం. డబ్బా మీద రాసినదీ డబ్బాలో ఉన్నదీ ఒకటేనా అని చూడటం. ఆ మేడ మీది పత్రిక తొమ్మిది నుంచి పదమూడేళ్ల ఆడపిల్లలది. జడలు, స్నేహితురాళ్ల తగవులు, మొటిమలు, పాటలు పాడేవాళ్ల బొమ్మలు, వీటన్నిటి తర్వాత ఇరవై రెండో పేజీ నాది. చేతులతో చేసి చూసే చిన్న చిన్న శాస్త్ర ప్రయోగాలు రాసేదాన్ని.

సంపాదకురాలు డర్బన్‌లోనే పుట్టిన మనిషి. ముత్తాతలు తెలుగువాళ్లు, తండ్రి కాలంలో కుటుంబం చర్చిలో చేరింది. ఆమె మాట్లాడేది ఇంగ్లీషే. తెలుగులో మిగిలినవి చుట్టరికాలు, కూరల పేర్లు, తిట్లు. మామూలుగా నన్ను ‘సిస్టర్’ అనేది, కోపమొస్తే ‘ఓసి తిక్కదానా’ అనేది. మొదటి రోజే ఆమె నాకు రెండు నియమాలు చెప్పింది. ఏ వాక్యంలోనూ పన్నెండు మాటలు దాటకూడదు. ‘ఇది చాలా తేలిక’ అని ఎక్కడా రాయకూడదు, ఎందుకంటే చెయ్యలేకపోయిన పిల్ల తనను తాను తెలివితక్కువది అనుకుంటుంది.

“పదకొండేళ్ల పిల్లలు, సిస్టర్. పసిపిల్లలకు రాసినట్టు రాస్తే పేజీ తిప్పేస్తారు. మనుషులకు రాసినట్టు రాస్తే నమ్మేస్తారు. భయం ఆ నమ్మకంతోనే.”

నేను భయపడలేదు. కొలతలు నా వృత్తి.

ఆరో సంచికకు నీడ గడియారం రాశాను. అట్ట మీద అతికించి కత్తిరించుకునే బొమ్మ అది. మధ్యలో నిలబెట్టే త్రికోణం, దాని చుట్టూ గంటల గీతలు. కాలేజీలో నేర్చుకున్న సూత్రంలో కాకినాడ అక్షాంశం పదిహేడు డిగ్రీలు తీసేసి డర్బన్ ముప్పై డిగ్రీలు వేశాను. తొమ్మిది గంటల గీత పన్నెండు గంటల గీతకు ఇరవై ఆరున్నర డిగ్రీల ఎడంలో పడింది. ఆ అర డిగ్రీ కోసం బొమ్మను రెండుసార్లు తిరిగి గీయించాను. కింద ఒక వాక్యం రాశాను: ‘త్రికోణం ఎత్తైన కొస ఉత్తరానికి తిప్పి, ఎండలో పెట్టండి.’

నేను పెట్టి చూడలేదు. మా ప్రయోగశాలకు కిటికీలు లేవు. పరీక్షించని డబ్బాను గేటు దాటనివ్వని నేను, పరీక్షించని గడియారాన్ని పిల్లల చేతికిచ్చాను.

మూడు వారాల తర్వాత ఒక గురువారం సంపాదకురాలు ఉత్తరాలను రొట్టె కోసే కత్తితో తెరుస్తోంది. నీడ గడియారం గురించి ఆరు వచ్చాయి. సువాసన సిరాతో, అంచుల్లో స్టిక్కర్లతో ఉన్న ఐదు ఉత్తరాల్లో ఒకటే మాట: నీడ అంకెలున్న వైపుకు రావడం లేదు. ఒక పిల్ల తన కత్తెర వంకరదంది. ఒక పిల్ల తమ పెరటి ఎండ మంచిది కాదంది. ‘తప్పు నాదే అనుకుంటాను, సారీ’ అని ఇంకొకతె.

ఆరోది మా ఫ్యాక్టరీ దగ్గరి పేట క్లెయిర్‌వుడ్ నుంచి వచ్చింది. లెక్కల పుస్తకంలోంచి చింపిన రెండు కాగితాల మీద, స్కేలుతో గీసిన పట్టిక. తొమ్మిది రోజులు, రోజుకు ఐదు వేళలు. మొదటి రెండు రోజులూ నేను చెప్పినట్టే పెట్టింది. నీడ రోజంతా అట్ట ఖాళీ భాగం మీదే తిరిగింది. మూడో రోజు బొమ్మను వెనక్కి తిప్పి, త్రికోణం ఎత్తు కొసను దక్షిణానికి పెట్టింది. అప్పుడు తొమ్మిదింటికి నీడ మూడు మీద, పదింటికి రెండు మీద, పదకొండింటికి ఒకటి మీద పడింది. పన్నెండు ఒక్కటే కుదిరింది. ఐదో రోజు, ఎనిమిదో రోజు గళ్లలో ఒకటే వాక్యం: ‘మబ్బు. నీడ లేదు. రాయలేదు.’

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఖాళీ గడిని ఖాళీగా వదలాలంటే ఎంత నిజాయితీ కావాలో నాకు తెలుసు. ఫ్యాక్టరీలో పట్టభద్రుల చేత ఆ పని చేయించలేక నేను రోజూ గొంతు చించుకునేదాన్ని.

కింద ఆ పిల్ల రాసింది: ‘అంకెలన్నీ చెరిపి ఎదురు వరసలో పెన్సిల్‌తో రాసుకున్నాను. ఇప్పుడు గడియారం సరిగ్గా చూపిస్తోంది. కానీ మా టీచర్ ఇది ఇంజనీరు రాసిన పేజీ అన్నారు. అంకెలు పత్రికలో ఉన్నట్టే ఉంటేనే వచ్చే శుక్రవారం ప్రదర్శనలో బల్ల మీద పెట్టనిస్తారట. ఏ అంకెలు ఉంచమంటారు?’

అప్పుడు నాకు తెలిసింది. భూమధ్యరేఖకు ఉత్తరాన పుట్టిన మాకు సూర్యుడు ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం పక్కగా పోతాడు. నీడ మామూలు గడియారపు ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. డర్బన్‌లో సూర్యుడు ఉత్తరం పక్కగా పోతాడు. నీడ ఎదురు తిరుగుతుంది. అర డిగ్రీ కోసం పోట్లాడిన మనిషిని, ఆకాశాన్నే తలకిందులుగా వేశాను.

“వచ్చే నెల చివరి పేజీలో చిన్న సవరణ వేద్దాం,” అంది సంపాదకురాలు.

“ప్రదర్శన వచ్చే వారమే, శుక్రవారం.”

“ఓసి తిక్కదానా, తప్పయిందని పేజీ నిండా రాస్తే యజమాని ఊరుకుంటాడా? ఆ పేజీ ప్రకటనకు కావాలని ఎప్పటి నుంచో చూస్తున్నాడు. నీ పేజీ పోతుంది.”

“ఆ పిల్ల తన కళ్లను నమ్మాలా, నా పేజీనా అని అడుగుతోంది.”

ఆమె కత్తి కింద పెట్టింది. “అడ్రసు రాసుకో,” అంది.

శనివారం ఎనిమిదీ ముప్పై ఐదుకు క్లెయిర్‌వుడ్‌లో దిగాను. వీధికి ఒక పక్క గిడ్డంగుల రేకు గోడలు, లారీలు. రెండో పక్క మిగిలిన నాలుగు ఇళ్లు. ఆఖరి ఇంటి పెరట్లో టమాటాలు, వంగ మొక్కలు, మధ్యలో తలకిందులు చేసిన పాల డబ్బా, దాని మీద నా గడియారం. పక్కన కాపలా కాస్తున్నట్టు పదకొండేళ్ల పిల్ల. రెండేళ్ల కిందటి దాకా తెల్లపిల్లలను తప్ప చేర్చుకోని బడి యూనిఫారం, శనివారం కూడా, తొడుక్కునే ఉంది. నేను వస్తున్నట్టు సంపాదకురాలు ముందే ఫోన్ చేసి చెప్పింది.

వాళ్ల అమ్మమ్మ వాకిట్లోంచి తెలుగులోనే అరిచింది. “ఇండియా అమ్మాయివా నువ్వు? ఆ అట్ట ముక్క నువ్వే పంపినావా? నెల్నాళ్లు ఆయె, మొక్కలకు నీళ్లు పొయ్యదు ఇది. దానికే మొక్కుతాది!”

“అమ్మమ్మా!” అంది పిల్ల సిగ్గుతో. తర్వాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో, “ఆంటీ, తొమ్మిదికి ఇంకా ఇరవై నిమిషాలుంది. మీరు నీడలో కూర్చోవచ్చు,” అంది.

కూర్చోలేదు. అట్ట మీద నా తొమ్మిది చెరిగిన గుర్తు, దానికి ఎదుటి పక్క ఆమె పెన్సిల్ తొమ్మిది కనిపిస్తున్నాయి. నీడ అంచు వెంట్రుక వాసిగా జరుగుతోంది, నేను ముప్పై ఏళ్లుగా ఎరిగిన వైపుకు కాదు. తొమ్మిదయ్యేసరికి ఆమె గీత మీదికి చేరి ఆగినట్టనిపించింది. ఏడు నెలలుగా ఈ నేల మీద నడుస్తున్నాను. ఇది వేరే నేల అని ఆ నీడ చెప్పే దాకా తెలియలేదు.

“ఆంటీ, ఇండియాలో సూర్యుడు వేరే దారిలో పోతాడా?”

“తూర్పునే లేస్తాడు, పడమరే దిగుతాడు. మధ్యలో మాకు దక్షిణం పక్కగా, మీకు ఉత్తరం పక్కగా పోతాడు. సూర్యుడొకడే. నిలబడిన చోటు వేరు.”

మనవరాలు ఆ మాట వచ్చీరాని తెలుగులో చెప్పగా విని అమ్మమ్మ పకపకా నవ్వింది. “అదే! మా తాత చెరకు కూలికి ఓడ దిగి వచ్చి ఇంటికి దక్షిణాన వంగతోట వేసె. ఊళ్లో అట్లనే వేస్తారంట. చలికాలం వచ్చె, తోట మొత్తం ఇంటి నీడలో! ఒక్క కాయ లేదు. మా అవ్వ చచ్చే దాకా తిట్టె. నువ్వు కూడా మా తాత తీరే, అమ్మాయ్!”

సూత్రం తెలిసిన నేను, అక్షరం రాని ఆ చెరకు కూలీ, ఒకే దిక్కును గుండెలో మోసుకొచ్చి ఒకే చోట తప్పాం. తప్పు పట్టుకున్నది మాత్రం ఇక్కడ పుట్టిన పిల్ల.

పాల డబ్బా పక్కన కూర్చునే టీచరుకు ఉత్తరం రాశాను: ‘పత్రికలోని బొమ్మ తప్పు. తప్పు నాది. ఈ విద్యార్థిని అంకెలు సరైనవి. నేను స్వయంగా చూశాను.’ నా డిగ్రీ, ఉద్యోగం కింద రాసి సంతకం పెట్టాను.

పిల్ల చదివి మడిచింది. “టీచర్ నమ్మకపోతే?”

“బల్లను ఎండలో పెట్టమను.”

శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల ఆఫీసుకు ఫోన్ చేసిందని సంపాదకురాలు చెప్పింది. పొద్దుటి నుంచి వాన. నీడ లేదు. టీచర్ ఉత్తరం రెండుసార్లు చదివి, పట్టికను గోడకంటించి, అట్టను బల్ల మీద పెట్టనిచ్చారు. పెన్సిల్ అంకెలతోనే. ‘ఈ రోజు గడి ఖాళీగా వదిలేశాను,’ అని చెప్పమందట.

తర్వాతి సంచికలో ఇరవై రెండో పేజీ మొత్తం సవరణే. పైన సరైన బొమ్మ, కింద ఆ పిల్ల పట్టిక, ఆమె చేతిరాతతోనే, మబ్బు గళ్లతో సహా. తమను తాము తప్పు పట్టుకున్న ఐదుగురికీ విడివిడిగా జవాబులు రాశాను. ముగ్గురు తిరిగి రాశారు. ఆ పై నెల యజమాని నా పేజీ తీసేశాడు. ఆ స్థానంలో షాంపూ ప్రకటన వచ్చింది.

మొత్తం మీద: తప్పు గడియారం ఒక సంచిక. కత్తిరించి వృథా అయిన అట్టలు నాకు తెలిసినవి ఐదు. శనివారం ఒకటి. సవరణ పేజీ ఒకటి. పోయిన పేజీ ఒకటి. తిరిగి రాయని పిల్లలు ఇద్దరు.