బిడ్డకు దుప్పటి మడత నేర్పిన పూట

గల్ఫ్ దేశంలోని మనామాలో ఒక హోటల్లో గదులు సర్దుతాను. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్న మా అమ్మాయి కావ్య, ట్రైనింగ్ కోసం ఇంగ్లండ్‌లో వందల ఏళ్ల నాటి హోటల్లో చేరింది. ఈ రోజు మధ్యాహ్నం అక్కడి నుంచి వీడియో కాల్ చేసింది.

"బాపూ, పరుపు మూలల కాడ దుప్పటి మడత కుదుర్తలేదు. ట్రైనింగ్ మేడమ్ రెండుసార్లు ఇప్పేసింది. జెర చూపియ్యవా?"

నేను సర్దుతున్న మంచం మీదే నిదానంగా చేసి చూపించాను. గంట తర్వాత మళ్లీ కాల్ చేసింది.

"మంచిగుందన్నది బాపూ! ఎవరు నేర్పిండ్రని అడిగితే, మా బాపు గూడ గీ పనే చేస్తడని అందరి ముంగట చెప్పిన."

కాలేజీలో మా బాపుది ఆఫీసు ఉద్యోగమని చెప్పుకున్న పిల్ల ఇది! అడిగిన ఆ మేడమ్‌కు మనసులోనే దండం పెట్టుకున్నాను. మా సూపర్‌వైజర్ "యల్లా, త్వరగా కానీ" అని కేకేసేదాకా అక్కడే నిలబడిపోయాను.

మీ పిల్లలు మీ పని గురించి నలుగురిలో ఏమని చెబుతారు?